మా బావని పొమ్మన్న కోడలు

పోయిన నెల మా రాఘవయ్య బావ సంవత్సరీకానికి కంకిపాడు అవతల వాళ్ల ఊరు వెళ్లాను. భోజనాల దగ్గర బావ అన్నగారి కొడుకొకడు నా ఎదటి వరసలో కూర్చుని, అప్పడం విరుచుకుంటూ, పక్కనున్న కుర్రాళ్లకి పాఠం చెబుతున్నాడు. "మా బాబాయంటే ఏవనుకున్నార్రా? ఆ రోజుల్లోనే ఫిలిప్పీన్స్ అమ్మాయి కోడలిగా వస్తే, గుమ్మంలో అడుగుపెట్టిన క్షణం నుంచీ సొంత కూతుర్లా చూసుకున్నాడు. అంత విశాల హృదయం!" నాకు చారు పొలమారింది. నా నెత్తిన తట్టడానికి ఇద్దరు లేచారు గానీ ఆ అబద్ధాన్ని ఆపడానికి ఒక్కడూ లేవలేదు.

నాకు ఒళ్లు మండింది. మా అక్క మొగుడు రాఘవయ్య బావ కోడల్ని కూతుర్లా చూసుకోలేదు. నెలల తరబడి ఆ పిల్ల మొహమే చూడలేదు. కడుపుతో ఉన్నదాన్ని వాళ్ల దేశం పంపించెయ్యడానికి బెజవాడ దాకా వెళ్లి విమానం టిక్కెట్టు కొనబోయాడు. కొనబోయిన రోజున ఆయన పక్కన నడిచినవాణ్ణి నేను. పోయినవాడు పుట్టుకతోనే మంచివాడని చెప్పేస్తే వినడానికి బాగానే ఉంటుంది. మరి మంచివాడు కావడానికి మా బావ పడిన అవస్థంతా ఏమైపోవాలి? ఆ కష్టాన్ని అప్పనంగా కొట్టెయ్యడానికి వీడెవడు? అందుకని ఆ రోజుల సంగతి ఉన్నదున్నట్టు రాస్తున్నాను. నచ్చనివాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు.

ముందు బావ సంగతి చెప్పాలి. మనిషి పొడుగు, మీసం అంతకంటే ఘనం, దానికి ప్రతి ఆదివారం రంగు. ఆయనకి తిండి తక్కువైనా ఫరవాలేదు, నిద్ర తక్కువైనా ఫరవాలేదు, మాట చివర 'అండీ' తగ్గితే మాత్రం ప్రాణం మీదికొచ్చేది. ఒకసారి బస్సులో కండక్టరు కంకిపాడు రాగానే "దిగు, దిగు" అన్నాడని దిగకుండా బిగుసుకుని కూచున్నాడు. ఉయ్యూరు దాకా వెళ్లి, అక్కడ "దిగండి" అనిపించుకుని దిగి, ఇంకో బస్సెక్కి వెనక్కి వచ్చాడు. అలాగని ఆయన అందరికీ 'అండీ' పంచిపెట్టేవాడేం కాదు. మనిషిని పైనించి కిందకి చూసి, అవసరమనిపిస్తేనే ఒకటి విదిల్చేవాడు. బావమరిదిని గనక నాకు ఆ అవసరం ఎప్పుడూ రాలేదు. నేను "ఏవోయ్ కోటయ్యా". అంతే.

నేను అయిదో తరగతితో బడి మానేసి, బెజవాడలో పంపుసెట్ల మోటార్లు బాగుచేసే షాపు పెట్టుకున్నవాణ్ణి. ఇంగ్లీషు నాకు ఎవరూ నేర్పలేదు. మోటార్లతో పాటు పెట్టెల్లో వచ్చే కాగితాలు చదివి, మంగలి షాపులో ఇంగ్లీషు పేపరు చదివి, అర్థం కానివి డిక్షనరీలో వెతికి నేర్చుకున్నాను. బావ దాన్ని మోటారింగ్లీషు అనేవాడు. నవ్వితే నవ్వనివ్వండి. ఆ ఇంట్లో ఆ అమ్మాయి ఏం మాట్లాడుతోందో తెలుసుకోవడానికి చివరికి నా మోటారింగ్లీషే దిక్కయింది.

మా మేనల్లుడు ప్రసాదు సరుకుల ఓడలో ఇంజన్ గదిలో పనిచేసేవాడు. ఓడ మీద సగం మంది ఫిలిప్పీన్స్ వాళ్లేనట. అందులో ఒకడు స్నేహితుడయ్యాడు. ఓడ మనీలాలో ఆగినప్పుడు వాడింటికి భోజనానికి వెళ్లాడు. ఆ భోజనం వడ్డించిన చెల్లెలే మారిసెల్. అక్కడే పెళ్లి చేసుకుని, ఫొటో ఒకటి పోస్టులో పంపి, వెనకాలే భార్యని తీసుకుని దిగాడు. అక్క రెండు రోజులు ఏడ్చి, మూడో రోజు హారతి పళ్లెం తోముకుంది. బావ ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడంలో ఆయనది అందె వేసిన చెయ్యి.

గుమ్మం ముందు ఆ పిల్ల దిగడం ఇప్పటికీ నా కళ్ల ముందుంది. చామనచాయ, గుండ్రటి మొహం, ప్రసాదు కట్టించిన చీర అప్పుడే విప్పేసుకుంటానన్నట్టుంది. దూరం నుంచి చూస్తే మన దివిసీమ పిల్లంటే నమ్మొచ్చు. బావ కొత్తగా రంగేసిన మీసంతో అరుగు మీద నిలబడ్డాడు. ఆ పిల్ల సూటిగా ఆయన దగ్గరికి వెళ్లి, వంగి, ఆయన కుడి చెయ్యి అందుకుని, దాన్ని తన నుదుటికి ఆనించుకుని, ఎంతో మెత్తగా అంది:

"మానో పో, తాతాయ్."

వీధి వీధంతా విన్నది. మానో, పో, తాతా! బావ చెయ్యి లాక్కున్నాడు.

"ఏవంటోందిరా ఇది? నా గుమ్మంలో నన్ను పొమ్మంటోందేంటి? పైగా తాతా?"

"అయ్యో, అది కాదు నాన్నా," ప్రసాదు కంగారుపడ్డాడు. "మానో అంటే చెయ్యి. దీవించమని చెయ్యి అడుగుతోంది. పో అంటే మన అండీ లాంటిది. తాతాయ్ అంటే నాన్న."

"ఓహో. మానో అంటే చెయ్యి, పో అంటే రా, తాతంటే నాన్న. మరి నాన్నంటే ఏంట్రా, అమ్మా?"

ప్రసాదు వట్టి అమాయకుడు. "అవును నాన్నా. నానాయ్ అంటే అమ్మే," అన్నాడు.

బావ తువ్వాలు దులిపి భుజాన వేసుకుని పొలానికి వెళ్లిపోయాడు. ఆ రోజు పొలంలో ఏ పనీ లేదు.

సెలవు అయిపోగానే ప్రసాదు ఓడెక్కేశాడు, పెళ్లాన్ని ఇక్కడే వదిలి. వెళ్లేముందు ఆమెకి కాసిని తెలుగు మాటలు నేర్పాడు: రండి, కూచోండి, తినండి, బాగున్నారా. 'అండీ' అంటే గౌరవమని కూడా చెప్పాడు. ఆ పిల్ల బుద్ధిమంతురాలు. ఒక గౌరవం మంచిదైతే రెండు ఇంకా మంచివి కదా అనుకుంది. తెల్లారితే మొదలు: "రండి పో. కూచోండి పో. కాఫీ తాగండి పో." పిలుపూ గెంటుడూ ఒకే మాటలో. పాలు పోసే మనిషి చెంబు పట్టుకుని రావాలో పోవాలో తెలీక వాకిట్లో నిలబడేవాడు. నన్ను "మామయ్య పో" అనేది. నేను మాత్రం వెళ్లలేదు.

"పో అనకమ్మా, మా భాషలో అది వెళ్లగొట్టే మాట," అని నేను ఎన్నిసార్లు చెప్పానో. ఆ పిల్ల నాలిక కరుచుకుని, "సారీ పో," అనేది. చిన్నప్పుడు వాళ్ల అమ్మమ్మ, మాట చివర పో లేకపోతే అన్నం పళ్లెం దగ్గరికి రానిచ్చేది కాదట. అంత లోతున దిగిపోయింది అది. అందులోనూ భయం వేస్తే ఇంకా ఎక్కువ వచ్చేది. బావ కోపంగా గొంతు సవరించుకుంటే ఆమెకి గౌరవం పెరిగేది, గౌరవం పెరిగితే పోలు పెరిగేవి, పోలు పెరిగితే బావకి కోపం పెరిగేది. జన్మంతా మోటార్లతో గడిపాను గానీ ఇలా తనంతట తనే వేగం పెంచుకునే యంత్రాన్ని నేనెక్కడా చూడలేదు.

నేను బావకి నచ్చచెప్పబోయాను. "బావా, నువ్వు రెండో పంటకి వేస్తున్న ఆ ఐఆర్ వరి వంగడం ఎక్కణ్ణించి వచ్చిందనుకున్నావు? వాళ్ల దేశం నుంచే. ఆ పిల్లది ఆ వంగడం పుట్టిన జిల్లాయే. దాన్నేమో మడి నిండా పెట్టుకున్నావు, ఈ పిల్లనేమో మొహం చూడవు."

బావ ఆలోచించాడు. "వడ్లు మాట్లాడవు గదయ్యా," అన్నాడు.

అక్క వరస వేరు. అత్తగారిని ఆ పిల్ల "నానాయ్" అనేది. మా వైపు ముద్దొస్తే ఆడామగా చూడకుండా పిల్లల్ని నాన్నా అంటాం. అక్క చెవికి అది అలాగే వినపడింది. ఒకరు నానాయ్ అంటే ఇంకొకరు నాన్నా అనుకుంటూ ఇద్దరూ వంటింట్లో ఒకే మాటతో రోజంతా గడిపేవాళ్లు. అదీగాక పొద్దుగూకాక ఇల్లు ఊడవకూడదని, సందెవేళ గోళ్లు తీసుకోకూడదని ఎవరూ చెప్పకుండానే ఆ పిల్లకి తెలుసు. వాళ్ల ఊళ్లోనూ అదే మాటట. "ఎక్కడో సముద్రం అవతల పుట్టింది గానీ సంప్రదాయం తెలిసిన పిల్లరా," అనేది అక్క నాతో. ఇంటికి ఎవరొచ్చినా ఆ పిల్ల మొదట అడిగేది "తిన్నారా" అనే. అదీ వాళ్ల అలవాటే. మూడు పూటలా అన్నం ఉండాలి. రాత్రి మిగిలిన అన్నాన్ని పొద్దున్నే వెల్లుల్లి ఎర్రగా వేయించి అందులో కలిపేది, పక్కన ఎండు చేప. ఆ వాసనకి పక్కింటి గోడ మీద పిల్లుల సభ జరిగేది. చింతపండేసి చేపల పులుసు పెట్టేది, కారం మాత్రం ఉండదు. బావ తినేవాడు కాదు గానీ మూత తీసి చూసేవాడు. "జ్వరమొచ్చిన పులుసు," అని మూత పెట్టేసేవాడు.

వేసవి వచ్చింది. కరెంటు పోతే ఆ ఉక్కకి ఆ పిల్ల చెమటలు కారుతూ, విసనకర్ర విసురుకుంటూ, "హాయ్ నాకు!" అని నిట్టూర్చేది. అక్క పొంగిపోయి ఊరంతా చెప్పుకుంది: "ఏసీల్లో ఉన్నవాళ్లే గింజుకుంటున్నారు, మా కోడలు చూడండి, ఎంత ఎండలోనూ హాయి నాకు, హాయి నాకు అంటుంది." అది వాళ్ల భాషలో 'ఓరి దేవుడో' అని విసుక్కోవడమని తర్వాత తెలిసింది. నేను అక్కకి చెప్పలేదు. ఇప్పుడు చదివితే తెలుసుకుంటుంది.

ఇంకోసారి ఆ పిల్ల నాతో, వాళ్ల వైపు ఇల్లు మారాలంటే ఇరుగుపొరుగంతా చేరి, వెదురింటిని ఉన్నపళంగా భుజాలకెత్తుకుని కొత్త చోట దింపుతారనీ, తన చిన్నప్పుడు తాతగారింటిని అలాగే మోశారనీ చెప్పింది. ఎంత గొప్ప ఊరో అని నేను మురిసిపోయి బావ చెవిన వేశాను. "ఇల్లే నిలకడగా ఉండని ఊరు. మనుషులేం ఉంటారు?" అన్నాడు బావ.

ప్రసాదు ఓడెక్కిన కొద్ది రోజులకే ఆ పిల్ల నెల తప్పినట్టు తెలిసింది. అయిదో నెల రాగానే బావ నోరు విప్పాడు. నన్ను పిలిపించి, అక్క వింటుండగా అన్నాడు: "మొదటి కాన్పు పుట్టింటివాళ్లు చెయ్యాలి. మన ఆచారం. మనీలాకి టిక్కెట్టు చూడు. నెలలు నిండకముందే పంపిద్దాం."

వినడానికి ఎంత పద్ధతిగా ఉందో చూశారా? వేలెత్తి చూపడానికి సందు లేదు. కానీ ఆ ఇంట్లో అందరికీ తెలుసు, ఆ గుమ్మం దాటితే ఆ పిల్ల మళ్లీ రాదని. ప్రసాదు ఏ సముద్రంలో ఉన్నాడో, ఉత్తరం ఎప్పటికి అందుతుందో. అక్క తలుపు చాటున కొంగు నోట్లో కుక్కుకుంది.

నేను మారిసెల్‌కి చెప్పాను. "మామయ్య పో, అక్కడ ఎవరున్నారు?" అంది. అప్పుడే నాకు మొత్తం తెలిసింది. తండ్రి లేడు. అన్న ఓడ మీద. తల్లి హాంకాంగ్‌లో ఎవరింట్లోనో పనికి ఉంది, ఈమెకి ఏడేళ్లప్పటి నుంచీ. ఎవరో పిల్లల్ని స్నానాలు చేయించి బడికి పంపుతూ, తన పిల్లల్ని ఫోన్లో పెంచింది. అమ్మమ్మ పెంచింది వీళ్లని, ఆమె పోయింది. పుట్టిల్లంటూ తాళం వేసి ఉన్న ఇల్లొకటి, దాని తాళంచెవి పక్కింట్లో. "ఇక్కడ నానాయ్ ఉంది," అంది వంటింటి వైపు చూస్తూ.

నేను వెళ్లి బావని నిలదీశాను. నా గొంతు పెద్దదే, ఆయనది ఇంకా పెద్దది. చివరికి ఒక మాట దగ్గర ఆగాం. "నన్ను గౌరవించలేని మనిషి నా ఇంట్లో కనక్కర్లేదు. సరేనయ్యా, నేను కూడా మొండివాణ్ణేం కాదు. ఒక్క రోజు, ఒకే ఒక్క రోజు, నన్ను పొమ్మనకుండా ఉండమను. టిక్కెట్టు మాట ఎత్తను."

నేను ఆ పిల్లకి శిక్షణ మొదలుపెట్టాను. పెరట్లో కరివేప చెట్టుని బావగా నిలబెట్టి, "చెప్పు: కాఫీ తీసుకోండి," అంటే, "కాఫీ తీసుకోండి," అనేది చక్కగా. చెట్టుతో ఏ ఇబ్బందీ లేదు. బావ ఎదటికి వెళ్లగానే చెట్టు పాఠం మర్చిపోయేది, మళ్లీ "పో". దాంతో ఆ పిల్ల తెలివిగా, అసలు మాటే మాట్లాడకపోతే సరిపోతుందనుకుంది. అక్కడే కొంప మునిగింది. వాళ్ల దేశంలో నోరు విప్పకుండా 'అవును' అనాలంటే కనుబొమలు పైకి ఎగరేస్తారు. ఏదైనా ఎక్కడుందో చూపించాలంటే వేలు చూపడం మర్యాద కాదు, మూతి ముందుకు చాపి చూపిస్తారు. బావ వచ్చి, "కళ్లజోడు ఎక్కడుంది?" అన్నాడు, గాల్లోకి. ఆ పిల్ల ఎంతో వినయంగా కిటికీ వైపు మూతి చాపింది. "అక్కడా?" అన్నాడు బావ. కనుబొమలు ఎగరేసింది.

"అనసూయా!" అక్కని పిలిచిన బావ కేక ఊరి చివర రైసుమిల్లు దాకా వినపడింది. "నీ కోడలు నా ఎదటే మూతి విరుస్తోంది! కనుబొమలెగరేసి వెక్కిరిస్తోంది! పొమ్మన్నప్పుడే నయం!"

మర్నాడు పొద్దున్నే టాక్సీ మాట్లాడాడు. పాస్‌పోర్టు చూపించడానికి ఆ పిల్లా, మాటల కోసం నేనూ, ముగ్గురం బెజవాడ బయల్దేరాం. దారంతా బావ ముందు సీట్లో అద్దంలోంచి రోడ్డు చూస్తూ కూచున్నాడు. వెనక ఆ పిల్ల పొట్ట మీద రెండు చేతులూ పెట్టుకుని, అక్క కట్టిచ్చిన చక్కిలాల పొట్లం ఒళ్లో పెట్టుకుని, ఒక్కటీ తినలేదు. గవర్నరుపేటలో టిక్కెట్ల ఆఫీసుకి వెళ్లేసరికి, టిక్కెట్లు రాసే మనిషి భోజనానికి పోయాడట, గంట ఆగి రమ్మన్నారు. ఎండ నెత్తి మీద. మా ఇంటికెళ్లి రావడానికి ఆ గంట చాలదు, సరే ఇక్కడే మనమూ తిందామని పక్క వీధిలో భోజన హోటల్‌కి వెళ్లాం.

ఆ రోజుల్లో బెజవాడ భోజన హోటళ్లు ఎలా ఉండేవో తెలియనివాళ్లకి చెప్పాలి. మీరు పప్పులో ఉండగానే మీ కుర్చీ వెనక ఒక మనిషి వచ్చి నిలబడతాడు. మీరు చారులోకి వచ్చేసరికి కుర్చీ వీపు మీద చెయ్యేస్తాడు. ఆయన ఊపిరి మీ మెడకి తగులుతుంటే మీరు పెరుగన్నం తినాలి. మా ఊళ్లో బావ తింటుంటే ఎదట నిలబడే మనిషి లేడు. ఇక్కడ వెనక ఇద్దరు. ఆయన తన పద్ధతిలో, ముద్దముద్దకీ ఆగి, మీసం తుడుచుకుని తింటున్నాడు. సాంబారు బకెట్టుతో వడ్డించే మనిషి రెండుసార్లు తిరిగి చూసి, మూడోసారి విస్తరి మీదికి వంగాడు.

"ఏం పెద్దాయనా, అయిందా లేదా? లే, లే. వెనక జనం నిలబడ్డారు. ఇదేమన్నా మీ ఇల్లా?"

నేను బావ వైపు చూశాను. భూకంపం వస్తుందనుకున్నాను. రాలేదు. ఆయన చెయ్యి విస్తట్లోనే ఆగిపోయింది. తనెవరో తెలియని ఊళ్లో, చేతికి అన్నం అంటుకుని ఉండగా, మనిషికి ఎంత గొంతు ఉంటుందండీ? ఆయన చెవులు ఎర్రబడ్డాయి. లేవడానికి బల్ల మీద చెయ్యి ఆనించాడు కూడా.

అప్పుడు లేచింది మారిసెల్. అయిదు నెలల పొట్ట బల్లకి తగులుతుంటే, పప్పంటిన చెయ్యి పైకెత్తి, తనకి వచ్చిన తెలుగంతా ఒక్కసారి బయటికి లాగింది.

"నువ్వు! మర్యాద లేదు! ఈయన పెద్ద! లే కాదు! పో అను!"

వడ్డించే మనిషి బకెట్టు కింద పెట్టాడు. "నేను లెమ్మన్నానమ్మా. పొమ్మన్లేదు."

"అవును! ఎందుకు అనలేదు? పో అను!"

"మీ మనిషినే పొమ్మనాలా?"

"అను! ఎప్పుడూ అనాలి! నేను రోజూ అంటాను!"

హోటలంతా నవ్వింది. వెనక నిలబడ్డవాళ్లు కూడా నవ్వారు. నా మోటారింగ్లీషు సిగ్గుతో ఏ మూలనో దాక్కుంది. ఆ పిల్ల ఎవరి నవ్వూ వినలేదు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, వేలు మాత్రం ఆ మనిషి మీంచి దించలేదు. మా బావ ఆ పిల్ల మొహం వైపు చూశాడు. గుమ్మంలో దిగిన రోజు తర్వాత సూటిగా చూడటం అదే మొదలనుకుంటాను. నెలల తరబడి నేను ఇంగ్లీషులోనూ తెలుగులోనూ చెప్పి చెప్పి చావగొట్టినా ఎక్కనిది, ఆ క్షణంలో ఎక్కుతూ ఉండటం ఆయన నుదుటి మీద కనిపించింది. మెల్లిగా మళ్లీ కూర్చున్నాడు. విస్తరి సర్దుకున్నాడు.

"ఏవయ్యా," అన్నాడు, ఊళ్లో గొంతుతో. "మా కోడలు చెప్తోంది వినపడలా? పో అను."

"ఎక్కడికండీ?" అన్నాడు పాపం ఆ మనిషి.

"ఎక్కడికీ కాదు. నాకు అను. మజ్జిగ పొయ్యనా పో, అని అడుగు."

ఆ మనిషి అటూ ఇటూ చూశాడు. ఇలాంటివాళ్లు నెలకొకరు వస్తారన్నట్టు మొహం పెట్టాడు. "మజ్జిగ పొయ్యనా... పో?"

"పొయ్యి," అన్నాడు బావ. "ముందు మా అమ్మాయికి. ఉప్పు తక్కువెయ్యి, వట్టి మనిషి కాదు."

బయటికి వచ్చాక బావ ఆఫీసు వీధి దాటి ముందుకి నడిచాడు.

"బావా, టిక్కెట్ల ఆఫీసు ఇటు," అన్నాను.

"తెలుసు."

"మరి?"

"ఎండగా ఉంది." కొంత దూరం నడిచి ఆగాడు. "మొదటి కాన్పు పుట్టింట్లోనే జరగాలి. అందులో మాత్రం మార్పు లేదు. ఆచారం ఆచారమే. మీ ఇల్లెక్కడోయ్?"

"అదేంటి బావా, పాతికేళ్ల నుంచీ వస్తూ పోతూ ఉన్నావు గదా."

"అక్కడ దింపుదాం కోడల్ని. నీకు ఆడపిల్లలు లేరుగా."

అలా, నడిరోడ్డు మీద, ఒక్క ముక్క అడక్కుండా నన్ను ఆడపిల్ల తండ్రిని చేసేశాడు. షాపు వెనక రెండు గదుల కొంప మాది. మా ఆవిడ భారతి బియ్యం చెరుగుతోంది. సంగతి విని చేట పక్కన పెట్టి, "నాకు చెప్పకుండా మనం పుట్టిల్లు ఎప్పుడయ్యామండీ?" అంది. ఆ మాట అంటూనే మా ఇద్దరు మగపిల్లల మంచం బయటికి లాగించి, ఆ పిల్లకి పక్క వేసింది. మారిసెల్ భారతి చెయ్యి నుదుటికి ఆనించుకుంది. భారతి ఇంకో చెయ్యి కూడా ఇచ్చింది.

ఆ రోజు నుంచి నాకు మొదలైంది అసలు కష్టం. బావ ఇప్పుడు మగపిల్లాడి తండ్రి. చలిమిడి పంపిస్తే నెయ్యి తక్కువైందని కబురు. సారెలో అరటిపళ్లు మచ్చపడ్డాయని కబురు. కోడల్ని చూడటానికి వస్తే గుమ్మంలో నిలబడి, నేను ఎదురెళ్లి కాళ్లకి నీళ్లిచ్చేదాకా లోపలికి రాడు. అన్నిటికంటే అన్యాయం ఏంటంటే, వియ్యంకుణ్ణి గదా, నన్ను "కోటేశ్వరరావు గారూ, బాగున్నారాండీ?" అనడం మొదలెట్టాడు. పాతికేళ్లు ఆ 'అండీ' కోసం లోపల్లోపల మొహం వాచినవాణ్ణి, తీరా వచ్చాక చొక్కా కొత్తదై ఒరుసుకున్నట్టుండేది. "ఏంటి బావా ఇది?" అంటే, "మర్యాద మర్యాదేనండీ," అనేవాడు.

కాన్పు రోజు ఆస్పత్రి వసారాలో మిట్టమధ్యాహ్నం ఆయనా నేనూ నిలబడ్డాం. ఇద్దరికీ కూర్చోబుద్ధి కాలేదు. లోపల్నించి ఆ పిల్ల అరుపు. వాళ్ల భాషలో అరుస్తోంది. మధ్య మధ్యలో డాక్టరమ్మతో అనే ప్రతి మాట చివరా పో. అంత నొప్పిలోనూ! బావ వెళ్లి గోడకి నుదురు ఆనించాడు. "ఏవోయ్ కోటయ్యా," అన్నాడు, అటు తిరిగే. "దానికేమీ కాదుగా?" "కాదు బావా," అన్నాను. ఎంత కాలానికి విన్నానో ఆ ఏవోయ్.

నర్సు తలుపు తీసి ఆడపిల్ల అని చెప్పింది. బావ తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు, మీసం సరిచేసుకున్నాడు, నా వైపు తిరిగి చేతులు జోడించాడు. "కోటేశ్వరరావు గారూ, మీ అమ్మాయి క్షేమమటండీ," అన్నాడు.

ఇప్పుడు మా వీధిలో పిల్లలు కొరియా సీరియళ్లు చూసి అన్నల్నీ అక్కల్నీ ఆ భాషలో పిలుచుకుంటున్నారు. పక్కనున్న పెద్దాయన ఉలిక్కిపడడు, ఆయనా ఫోన్లోనే ఉంటాడు. విశాల హృదయాలు ఎక్కువయ్యాయని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఒక్క మాటకి నెలల తరబడి అలగాలంటే ముందు ఆ మాటని చెవిపెట్టి వినాలి. మా బావ విన్నాడు, తప్పుగానే విన్నాడు గానీ ప్రతి అక్షరమూ విన్నాడు. అలా వినేవాణ్ణి సరిదిద్దడానికి ఒక రోజు చాలింది. వినని వాళ్లని ఏ హోటల్లో కూర్చోబెట్టి సరిదిద్దగలం?

ప్రసాదు ఓడలు మానేసి బెజవాడలోనే ఫ్లాటు కొనుక్కున్నాడు. మారిసెల్ జుట్టు నెరిసింది, తెలుగు నాకంటే శుభ్రంగా మాట్లాడుతుంది, కూరగాయల బండివాడితో బేరం ఆడితే వాడు దండం పెడతాడు. మొన్న బుధవారం మా ఇంటికి వచ్చింది, బట్టల సంచీతో. ఏమైందని భారతి అడగలేదు, నేనూ అడగలేదు. మంచం ఖాళీ చేసి ఇచ్చాం. సాయంత్రం ప్రసాదు ఫోను. మేనమామనీ మామగారినీ పిలిచే పిలుపు మనకి ఒకటే కావడం వల్ల వాడికి ఏ చిక్కూ లేదు.

"మామయ్యా, చిన్న మాటకి అలిగి వచ్చేసింది. కాస్త నచ్చచెప్పి పంపించండి."

"ఎందుకు పంపిస్తానురా?" అన్నాను. "ఆడపిల్ల పుట్టింటికొచ్చింది. నాలుగు రోజులుంటుంది. కావాలంటే నువ్వు వచ్చి, మీ అత్తగార్ని అడిగి, మర్యాదగా తీసుకెళ్లు."